ఎక్స్‌టెండర్లు ఆపేయండి, నెట్ వస్తుంది

మేడ మీద గదిలో వీడియో గిరగిరా తిరిగి ఆగిపోయిందంటే మన ఇళ్లలో చేసే వైద్యం ఒక్కటే. బజారుకెళ్లి ఇంకో బాక్సు తెచ్చి ప్లగ్గుకు తగిలిస్తాం. కొన్నాళ్లకు అదీ చాలదనిపిస్తే మరొకటి తెస్తాం. కనెక్షన్ మార్చినప్పుడు మిగిలిపోయిన పాత రౌటర్‌ని పారేయబుద్ధి కాక దాన్నీ మెట్ల దగ్గర పెడతాం. చివరికి మూడంతస్తుల ఇంట్లో నాలుగు బాక్సులు మినుకుమంటుంటాయి, ఫోన్‌లో ఆరేడు వైఫై పేర్లు కనబడతాయి, పైగదిలో పిల్లాడి ఆన్‌లైన్ క్లాసు మాత్రం నడవదు.

ఇలాంటి ఇంటికి నేను చెప్పే సలహాలు వినగానే తలకిందులుగా అనిపిస్తాయి. బాక్సులు ఆపేయమంటాను. పవర్ తగ్గించమంటాను. సిగ్నల్ రాని గదిలో ఎక్స్‌టెండర్ పెట్టొద్దంటాను. వైర్‌లెస్ బాగుపడాలంటే వైరు లాగమంటాను. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మీరనుకున్నా ఫరవాలేదు. వీటిలో ప్రతి మాటకీ వైఫై పనిచేసే తీరులోనే కారణం ఉంది. ఒక ఆదివారం సాయంత్రం కూర్చుంటే అన్నీ మీ ఇంట్లోనే మీరే పరీక్షించి చూసుకోవచ్చు.

1. కొత్తది కొనే ముందు ఉన్నవన్నీ ఆపేయండి

ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు, నెట్ స్లోగా ఉందనగానే ఎక్స్‌టెండర్ కొనేస్తారు. లోపం ఎక్కడుందో ముందు తెలియాలి కదా. అది తెలియాలంటే ఇంట్లో ఒక్క బాక్సే మిగలాలి. ఫైబర్ వైరు వచ్చి చేరే బాక్సు, అంటే ఓఎన్‌టీ ఒక్కటే ఉంచి మిగిలినవన్నీ ప్లగ్గుల్లోంచి తీసేయండి.

ముందు దాని లైట్లు చూడండి. పాన్ లైటు ఆకుపచ్చగా నిలకడగా వెలగాలి. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలుగుతున్నా కొట్టుకుంటున్నా, ఫైబర్ మీద వెలుతురు మీ ఇంటిదాకా రావట్లేదని అర్థం. వైరు ఎక్కడో మడత పడి ఉండొచ్చు, వీధిలో తెగి ఉండొచ్చు. అప్పుడు ఇంట్లో పది రౌటర్లు పెట్టినా లాభం లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఎర్ర లైటు వెలుగుతోందని చెప్పండి, చాలు.

లైట్లు సరిగ్గా ఉంటే ల్యాప్‌టాప్‌ని ఈథర్‌నెట్ కేబుల్‌తో నేరుగా ఆ బాక్సుకి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. మీది 100 ఎంబీపీఎస్ ప్లాన్ అయి 90 దాటి వస్తుంటే బయటి కనెక్షన్ బాగుంది, జబ్బు ఇంట్లోనే ఉంది. కేబుల్ పెట్టినా 20 దాటకపోతే ఆ కేబుల్, ల్యాప్‌టాప్ మంచివేనని ఇంకోదానితో సరిచూసుకోండి. అయినా మారకపోతే అది కంపెనీవాళ్లు చూడాల్సిన పని. ఈ ఒక్క పరీక్ష చేసి కస్టమర్ కేర్‌తో మాట్లాడితే, “మీ వైఫై దూరంగా ఉందేమో సార్” అనే మాటకు అవకాశమే ఉండదు.

తర్వాత కేబుల్ తీసి, అదే గదిలో వైఫై మీద టెస్ట్ చేయండి. ఆ తర్వాత రెండో బాక్సు పెట్టి దాని దగ్గర, ఆపైన మూడోది పెట్టి దాని దగ్గర. ప్రతిసారీ వచ్చిన అంకె కాగితం మీద రాయండి. ఏ బాక్సు పెట్టాక అంకె ఒక్కసారిగా పడిపోయిందో అక్కడే పని ఉంది. మిగిలినచోట్ల చేయి పెట్టాల్సిన అవసరం లేదు.

2. నిండుగా ఉన్న గీతలను నమ్మకండి

ఫోన్ పైన కనబడే వైఫై గీతలు మీ ఫోన్‌కీ దానికి దగ్గరున్న బాక్సుకీ మధ్య సంగతే చెబుతాయి. ఆ బాక్సుకు నెట్ వస్తోందా లేదా అన్నది వాటికి తెలియదు. ఎక్స్‌టెండర్ పక్కనే కూర్చుంటే గీతలు నిండుగానే ఉంటాయి. ఆ ఎక్స్‌టెండర్ మాత్రం కింది అంతస్తులోని రౌటర్‌ని అందుకోలేక అల్లాడుతూ ఉండొచ్చు. గీతలు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోకపోవడానికి మామూలు కారణం ఇదే.

గీతల బదులు అంకెలు చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ తరహా యాప్ ఏదైనా ఉచితంగా దొరుకుతుంది. అది సిగ్నల్‌ని డీబీఎం లెక్కలో, మైనస్ అంకెగా చూపిస్తుంది. -50 అంటే చాలా బలం. -67 వరకు వీడియో కాల్ సాఫీగా సాగుతుంది. -75 దాటితే తడబాటు మొదలవుతుంది. -80 దగ్గర పేరు కనబడుతుంది గానీ పని జరగదు. అంకెలో 10 తేడా వస్తే సిగ్నల్ బలం పదో వంతుకు పడిపోయినట్టు. అందుకే -60కీ -70కీ మధ్య తేడా చూడ్డానికి చిన్నదే అయినా వాడకంలో పెద్దది.

ఇంకో పరీక్ష పింగ్. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు మీ రౌటర్ అడ్రసుకే పింగ్ కొట్టండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1. జవాబులు పది మిల్లీసెకన్లలోపు నిలకడగా వస్తే ఇంట్లో దారి బాగుంది. ఒకసారి 5, ఒకసారి 300, మధ్యలో ‘టైమ్డ్ అవుట్’ అని వస్తుంటే లోపం ఇంటి గోడల మధ్యే ఉంది. రౌటర్‌కి బాగానే వెళ్తూ 8.8.8.8కి పింగ్ కొట్టినప్పుడే తడబడుతుంటే లోపం గుమ్మం బయట. రెండు పింగ్‌లతో సగం ఇల్లు వెతికే శ్రమ తప్పుతుంది.

3. సిగ్నల్ రాని గదిలో ఎక్స్‌టెండర్ పెట్టకండి

నెట్ ఎక్కడ రావట్లేదో అక్కడే ఎక్స్‌టెండర్ పెట్టాలని అందరూ అనుకుంటారు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఎక్స్‌టెండర్ దగ్గర సొంత నెట్ ఏమీ ఉండదు. తనకు వినబడిన సిగ్నల్‌నే తిరిగి పంపుతుంది. వినబడని గదిలో పెడితే పంపడానికి దానికేం మిగలదు.

దాన్ని సిగ్నల్ ఇంకా బాగున్న చివరి చోట పెట్టాలి. యాప్ తెరిచిన ఫోన్ చేతిలో పట్టుకుని రౌటర్ దగ్గర్నుంచి పైగదివైపు నడవండి. అంకె -60, -65 మధ్యకు వచ్చినచోట ఆగండి. మన ఇళ్లలో అది ఎక్కువగా మెట్ల మలుపు దగ్గరో, వరండాలోనో ఉంటుంది. అక్కడ ప్లగ్గు లేకపోతే ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టయినా సరే అక్కడే పెట్టండి. అక్కడినుంచి పైగదికి వచ్చేది బలహీనమైన సిగ్నలే కావచ్చు. అయినా అది నిజమైన నెట్.

సరైన చోట పెట్టినా ఎక్స్‌టెండర్‌కి ఒక సహజమైన పరిమితి ఉంది. చవక రకాలు రౌటర్‌తో మాట్లాడేదీ, మీ ఫోన్‌తో మాట్లాడేదీ ఒకే ఛానల్‌లో. ప్రతి సమాచారాన్నీ ఒకసారి విని మళ్లీ ఒకసారి పలకాలి. గాలిలో సమయం రెండింతలు ఖర్చవుతుంది, వేగం దాదాపు సగానికి పడుతుంది. ఎక్స్‌టెండర్‌ని పట్టుకుని ఇంకో ఎక్స్‌టెండర్ పెడితే మూడో వంతుకు పడుతుంది. అందుకే గొలుసుగా రెండు ఎక్స్‌టెండర్లున్న ఇంట్లో రెండోది తీసేసి, మొదటిది సరైన చోటికి జరిపితే నెట్ పెరుగుతుంది. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్లూ ఉన్న డ్యూయల్ బ్యాండ్ రకమైతే రౌటర్‌తో 5 గిగాహెర్ట్జ్ మీద, ఫోన్లతో 2.4 మీద మాట్లాడేలా పెట్టుకోవచ్చు, నష్టం తగ్గుతుంది.

కొనేటప్పుడు అట్టపెట్టె మీద అంకెలు చూసి మోసపోకండి. ఏసీ 1200 అని రాసి ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867 కలిపి, పైకి సవరించి 1200 అన్నారు. మీ ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్ మీదే మాట్లాడుతుంది కాబట్టి ఆ మొత్తం ఎప్పటికీ రాదు. పైగా అవి గోడలు, పక్కింటి వైఫై ఏవీ లేనప్పటి కాగితం లెక్కలు. అదే పెట్టె వెనక ఈథర్‌నెట్ పోర్టు దగ్గర ‘10/100’ అని చిన్న అక్షరాల్లో ఉంటే ఆ పోర్టులోంచి 100కు మించి రాదు. ముందు చదవాల్సింది ఆ చిన్న అక్షరాలనే.

4. రెండో రౌటర్‌ని రౌటర్‌గా పనిచేయనివ్వకండి

ఇంట్లో ఎన్ని బాక్సులున్నా రౌటర్ పని చేసేది ఒక్కటే ఉండాలి. చాలామందికి తెలియని సంగతి ఇది. ఎక్కువ గందరగోళం పుట్టేదీ ఇక్కడే.

రౌటర్ పనుల్లో ముఖ్యమైనవి రెండు. ఇంట్లో ప్రతి ఫోన్‌కీ టీవీకీ ఒక అడ్రసు ఇవ్వడం మొదటిది, దాన్నే డీహెచ్‌సీపీ అంటారు. ఇంటి లోపలి అడ్రసులను బయటి అడ్రసుగా మార్చి నెట్‌కి పంపడం రెండోది, అది నాట్. పాత రౌటర్‌ని తెచ్చి, అప్పటికే ఈ రెండు పనులూ చేస్తున్న ఓఎన్‌టీకి కేబుల్‌తో తగిలిస్తే అదీ అవే పనులు మొదలుపెడుతుంది.

కేబుల్‌ని దాని వాన్ పోర్టులో, అంటే బయటి నెట్ కోసం ఉన్నదాంట్లో, పెట్టారనుకోండి. ఇంట్లో రెండు వేరువేరు నెట్‌వర్కులు తయారవుతాయి. కింద టీవీ 192.168.1 వరుసలో ఉంటుంది, పైన ఫోన్ 192.168.0 వరుసలో ఉంటుంది. పేజీలు తెరుచుకుంటాయి గానీ ఫోన్‌లోంచి టీవీకి క్యాస్ట్ చేయబోతే టీవీ కనబడదు, ప్రింటర్ దొరకదు. ఆన్‌లైన్ ఆటలు, కొన్ని ఆఫీసు వీపీఎన్‌లు మొండికేస్తాయి. రెండు రౌటర్లూ 192.168.1 వరుసనే వాడుతుంటే పరిస్థితి ఇంకా ఘోరం. ఏది లోపల, ఏది బయట అన్నది రెండోదానికి తేలక అసలు నెట్టే రాదు.

కేబుల్‌ని లాన్ పోర్టులో, అంటే ఇంట్లో పరికరాల కోసం ఉన్నదాంట్లో, పెట్టి డీహెచ్‌సీపీ ఆపకపోతే ఇంకో రకం తిప్పలు. అడ్రసులు పంచేవాళ్లు ఇంట్లో ఇద్దరవుతారు. మొదటి రౌటర్ అడ్రసు ఇచ్చిన ఫోన్‌కి నెట్ వస్తుంది. రెండోది ఇచ్చిన ఫోన్ బయటికి దారి కోసం ఆ రెండో రౌటర్‌నే అడుగుతుంది, దానికేమో బయటికి దారే లేదు. “కనెక్ట్ అయింది గానీ ఇంటర్నెట్ లేదు” అని ఒకరి ఫోన్‌లో వస్తుంటే పక్కనే కూర్చున్నవారి ఫోన్‌లో సినిమా ఆడుతుంటుంది. ఆపి పెట్టగానే ఒక్కోసారి బాగవుతుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. ఈ లక్షణం కనబడితే ముందు ఇక్కడే వెతకండి.

మందు తేలిక. రెండో రౌటర్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (రౌటర్ పని మాని వైఫై ఒక్కటే ఇచ్చే పద్ధతి) అని ఉంటే అది ఎంచుకోండి, పని అయిపోయింది. పాత రకాల్లో అది లేకపోతే చేత్తో చేయాలి. ముందు ఆ రౌటర్‌ని దేనికీ కలపకుండా ల్యాప్‌టాప్‌కి ఒక్కదానికే కేబుల్‌తో తగిలించండి. అడుగున అతికించిన స్టిక్కర్ మీద దాని అడ్రసు, యూజర్ పేరు, పాస్‌వర్డు ఉంటాయి. బ్రౌజర్‌లో ఆ అడ్రసు కొట్టి లోపలికి వెళ్లండి. వైఫై పేరు, పాస్‌వర్డు పెట్టండి. తర్వాత లాన్ అడ్రసుని మొదటి రౌటర్ వరుసలోకి మార్చండి. మొదటిది 192.168.1.1 అయితే దీనికి అదే వరుసలో వేరే నంబరు ఇవ్వాలి. మొదటి రౌటర్ ఫోన్లకు పంచే నంబర్లలో అది ఉండకూడదు, అందుకని మొదటిదాని డీహెచ్‌సీపీ పేజీలో వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసి ఇవ్వండి. కొత్త అడ్రసుతో మళ్లీ లోపలికెళ్లి, చిట్టచివర డీహెచ్‌సీపీ ఆపండి. ఇప్పుడు ఓఎన్‌టీ లాన్ పోర్టు నుంచి వచ్చే కేబుల్‌ని దీని లాన్ పోర్టులోనే పెట్టండి. వాన్ పోర్టుని ఖాళీగా వదిలేయండి.

రెండు మూడు బాక్సులు కలిసి ఒకే వైఫైగా పనిచేసే మెష్ కిట్ కొన్నవాళ్లకీ ఇదే మాట. ఓఎన్‌టీ రౌటర్ పని చేస్తుంటే మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. మెష్‌నే రౌటర్‌గా వాడాలనుకుంటే రౌటర్ పని మానేసేలా ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని కంపెనీవాళ్లను అడగండి, ఓఎన్‌టీ వైఫైని ఆపేయండి.

5. రౌటర్ పవర్ తగ్గించండి

ఒకే ఇంట్లో రెండు మూడు బాక్సులుంటే సెట్టింగుల్లో ట్రాన్స్‌మిట్ పవర్‌ని హై నుంచి మీడియంకి తగ్గించండి. ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్ మీద.

కారణం ఇది. మేడ మీదికి వెళ్లాక ఏ బాక్సుని పట్టుకోవాలో నిర్ణయించేది ఫోనే. పట్టుకున్నది బొత్తిగా బలహీనమయ్యేదాకా అది వదలదు. ఐఫోన్లు సిగ్నల్ -70 డీబీఎం కంటే కిందికి పడిపోయాకే ఇంకో బాక్సు వెతకడం మొదలుపెడతాయని యాపిల్ తన సూచనల్లో రాసింది. కింది బాక్సు గట్టిగా అరుస్తూ పైన -68గా వినబడుతుంటే, పక్కనే ఇంకో బాక్సు ఉన్నా ఫోన్ కిందిదాన్నే పట్టుకుని వేలాడుతుంది. పైగా ఫోన్ పంపే పవర్ రౌటర్‌కన్నా తక్కువ. రౌటర్ మాట ఫోన్‌కి వినబడుతుంది గానీ ఫోన్ మాట రౌటర్‌కి సరిగా చేరదు. వాట్సాప్ కాల్‌లో అవతలివారి మాట మీకు వినబడుతూ, మీ మాట వాళ్లకు ముక్కలుముక్కలుగా వెళ్లడానికి ఇదొక కారణం.

కింది బాక్సు పవర్ తగ్గిస్తే మేడ మీద దాని సిగ్నల్ త్వరగా పడిపోతుంది, ఫోన్ మారాల్సినచోట మారుతుంది. ఒకే బాక్సున్న ఇంట్లో మాత్రం పవర్ తగ్గించాల్సిన పని లేదు.

6. ఛానల్ వెడల్పు తగ్గించండి

2.4 గిగాహెర్ట్జ్ సెట్టింగుల్లో 40 మెగాహెర్ట్జ్ అని ఉంటే 20కి మార్చండి. ఆటో అని ఉన్నా 20కే మార్చండి. ఈ బ్యాండ్ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. ఒకదాన్నొకటి తాకకుండా ఇందులో పట్టే ఛానళ్లు మూడే: 1, 6, 11. 40 పెడితే మీ ఒక్క బాక్సే సగం దారి ఆక్రమిస్తుంది, మీ రెండో బాక్సు దానిమీదే పడుతుంది, అపార్ట్‌మెంట్ అయితే పక్కింటివాళ్ల వైఫై కూడా. కాగితం మీద వేగం 300 నుంచి 144కి తగ్గినట్టు కనబడుతుంది, గదిలో మాత్రం నెట్ నిలకడగా వస్తుంది.

మీ బాక్సులకు 1, 6, 11లో తలా ఒకటి ఇవ్వండి. 3, 4, 8 లాంటి మధ్య నంబర్లు ఖాళీగా కనబడినా తీసుకోవద్దు, అవి రెండువైపులా తగులుతాయి. ఎక్స్‌టెండర్‌కి మాత్రం రౌటర్ ఛానలే గతి. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. బ్లూటూత్‌దీ ఇదే బ్యాండ్. రౌటర్ వంటగది గోడకు ఆనుకుని ఉంటే అక్కడినుంచి జరపండి.

బరువు పని 5 గిగాహెర్ట్జ్‌కి అప్పగించండి. మన దేశంలో 2018లో ఆ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోనిచ్చారు. 2.4 కన్నా ఏడు రెట్లు పైగా చోటు. గోడలు దాటడంలో అది బలహీనం కాబట్టి టీవీ, ల్యాప్‌టాప్ లాంటివి బాక్సు ఉన్న గదిలోనో పక్క గదిలోనో ఉండాలి. స్మార్ట్ ప్లగ్గులు, చాలా రకాల సీసీ కెమెరాలు 2.4 మీదే పనిచేస్తాయి, వాటిని అక్కడే ఉండనివ్వండి.

సెక్యూరిటీ సెట్టింగు కూడా వేగాన్ని కట్టేస్తుందని చాలామంది గమనించరు. పాత ఎక్స్‌టెండర్‌లో డబ్ల్యూఈపీ అనో టీకేఐపీ అనో ఉంటే కొత్త ఫోన్ అయినా 54 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ3కి మార్చండి.

7. ముందు పేర్లు విడగొట్టండి

అన్ని బాక్సులకూ ఒకే పేరు పెట్టమంటారు. చివరికి అదే సరైనది. లోపం వెతికేటప్పుడు మాత్రం పేర్లు వేరుగా ఉండాలి, లేకపోతే మీ ఫోన్ ఏ బాక్సు మీదుందో తేలదు. ‘హాల్’, ‘మెట్లు’, ‘మేడ’ అని పెట్టి ఒక్కొక్కటీ పరీక్షించండి. అన్నీ బాగున్నాయని తేలాక పేరు, పాస్‌వర్డు, సెక్యూరిటీ రకం మూడూ ఒకటే చేయండి. పాస్‌వర్డులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫోన్ మేడ మెట్లెక్కగానే తెగిపోతుంది.

పేరుని దాచేయడం రక్షణ అనుకునేవారున్నారు. దానివల్ల రక్షణ రాదు, వెతికే యాప్‌లకు అది తెలిసిపోతుంది. కాస్త పొడవైన పాస్‌వర్డు పెట్టండి, రౌటర్ లోపలికెళ్లే ‘అడ్మిన్’ పాస్‌వర్డు మార్చండి.

8. వైఫై బాగుపడాలంటే వైరు లాగండి

ఇంటర్నెట్‌లో దొరికే వైఫై చిట్కాలు చాలావరకు అమెరికా ఇళ్లకు సరిపోయేవి. అక్కడ ఎక్కువ ఇళ్లకు లోపలి గోడలంటే చెక్క చట్రానికి బిగించిన జిప్సం బోర్డులు. మన దగ్గర తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఇనుప చువ్వలు అల్లిన కాంక్రీటు స్లాబు. డల్లాస్‌లో అబ్బాయి ఇల్లంతా నెట్ ఇచ్చిన మెష్ కిట్‌నే తెచ్చి గుంటూరులో నాన్నగారి ఇంట్లో పెడితే, మొదటి స్లాబు దగ్గరే అలసిపోతుంది. కిట్‌లో లోపం లేదు, ఇల్లు వేరు. మెష్ బాక్సులు కూడా కేబుల్ లేకపోతే ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకోవాలి.

అంతస్తుకో కేబుల్ దించితే ఈ బాధ ఉండదు. క్యాట్-6 కేబుల్, స్వచ్ఛమైన రాగిది తీసుకోండి. రాగి పూత వేసిన అల్యూమినియం రకం చవకగా వస్తుంది, దాని జోలికి వెళ్లకండి. ఒక్కో కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది, ఏ ఇంటికైనా అది చాలు. టీవీ కేబుల్ కోసం గోడలో వేసిన పైపు ఖాళీగా ఉంటే అందులోంచే లాగొచ్చు. లేదంటే బయట గోడ వెంబడి పీవీసీ పైపులో దించండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం పెట్టకండి.

కొన తొడిగేటప్పుడు దగ్గరుండి చూడండి. ఆ పారదర్శకమైన ప్లగ్గులో ఎనిమిది తీగలుండాలి: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. తొందరలో నాలుగే తొడిగి వెళ్లిపోయేవాళ్లున్నారు. నాలుగు తీగలతో 100 ఎంబీపీఎస్ నడుస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మీది 300 ప్లాన్ అయి, కేబుల్ పెట్టినా ప్రతిసారీ 94, 95 దగ్గరే కచ్చితంగా ఆగిపోతుంటే కనెక్షన్‌ని అనుమానించకండి. ప్లగ్గుని వెలుతురుకు పట్టి తీగలు లెక్కపెట్టండి. ఎనిమిదీ ఉంటే పోర్టు 100దో గిగాబిట్‌దో చూడండి.

ఒక హెచ్చరిక. ఎక్స్‌టెండర్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలిపినప్పుడు దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి. గాలిలోనూ కేబుల్‌లోనూ రెండు దారులు తెరిచి ఉంటే సమాచారం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, నిమిషంలో ఇల్లంతా నెట్ స్తంభించిపోతుంది. ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి ఒకే కేబుల్ రెండు కొనలూ పెట్టినా ఇదే జరుగుతుంది. కేబుళ్లు సర్దిన వెంటనే మొత్తం ఆగిపోతే ముందు చూడాల్సింది ఇదే.

కేబుల్ ఏ రకంగానూ లాగలేకపోతే కనీసం రౌటర్‌ని టీవీ వెనకనుంచి, బీరువా పక్కనుంచి బయటికి తీయండి. ఇనుము సిగ్నల్‌ని వెనక్కి కొడుతుంది, నీళ్ల ట్యాంకు మింగేస్తుంది. మెట్ల దగ్గర, తల ఎత్తులో పెడితే మెట్ల ఖాళీలోంచి కొంత సిగ్నల్ పైకి ఎక్కుతుంది.

9. రీసెట్ రంధ్రంలో పిన్ను పెట్టకండి

ఆపి మళ్లీ పెట్టడం వేరు, రీసెట్ వేరు. ఓఎన్‌టీ వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి పట్టుకుంటే చాలా రకాల్లో కంపెనీవాళ్లు ఎక్కించిన యూజర్ పేరు, వీలాన్ లాంటి కనెక్షన్ వివరాలు చెరిగిపోతాయి. తర్వాత వాళ్ల మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి పెట్టండి చాలు. వరుస కూడా ముఖ్యం. ముందు ఓఎన్‌టీ, దానికి నెట్ వచ్చాక రెండో బాక్సు, చివర ఎక్స్‌టెండర్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో ఒక గదిలో నెట్ ఆగిపోతుంటే ఓఎన్‌టీకీ రెండో బాక్సుకీ మినీ యూపీఎస్ పెట్టండి.

చాలా అడాప్టర్ల పిన్ను ఒకేలా ఉంటుంది, వోల్టేజీ ఒకేలా ఉండదు. ఒకటి 12 వోల్టులు, ఇంకోటి 9, మరోటి 5. 5 వోల్టుల బాక్సుకి 12ది తగిలిస్తే కాలిపోవచ్చు. వోల్టేజీ సరిపోయినా ఆంపియర్లు తక్కువైతే బాక్సు వెలుగుతుంది గానీ వాడకం పెరిగిన వేళ తనంతట తనే ఆగి మొదలవుతుంటుంది. దాన్ని నెట్ లోపమనుకుని నెలలు గడిపేస్తారు. ఏ అడాప్టర్ ఏ బాక్సుదో తెల్ల టేపు మీద రాసి అంటించండి.

ఏది ముందు, ఏది తర్వాత

ఇవన్నీ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి, టెస్ట్ చేసి, అంకె రాసుకుని, అప్పుడు రెండోది. మొదట ఒక్క బాక్సుతో కేబుల్ పరీక్ష. తర్వాత రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా మార్చడం. ఆపైన ఎక్స్‌టెండర్‌ని జరపడం. అప్పుడు ఛానళ్లు, ఆ తర్వాత పవర్. ఇవన్నీ చేశాక కూడా ఏదో గది మిగిలిపోతే అప్పుడే ఖర్చు పెట్టండి. ఆ ఖర్చులో మొదటి రూపాయి కేబుల్‌కి వెళ్లాలి.

అంతస్తుకు ఒక్క బాక్సు, వాటి మధ్య ఒక్క కేబుల్, ఇల్లంతటికీ ఒక్క రౌటర్. మామూలు మూడంతస్తుల ఇంటికి ఇంతకు మించి అక్కర్లేదు. ఈ ఆదివారం ఇంకో ఎక్స్‌టెండర్‌కి ఆర్డరు పెట్టాలనుకుంటున్నారా? ఆ డబ్బు పక్కన పెట్టి, ముందు ఉన్నవాటిని ఆపి చూడండి.